రెండు చేతులకి రెండు వాచీలు

గురువారం పొద్దున పదకొండున్నర ప్రాంతంలో కుట్టుషాపావిడ తన షాపులోనే, ఇస్త్రీ బల్ల ముందు నిలబడి, ఆరువందల యాభై మీటర్లు ఈత కొట్టింది.

ఆ సంగతి ఆవిడకి తెలియదు. అప్పుడావిడ స్కూలు చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది. ఇరవై ఆరు చొక్కాలు. పెట్టెని ఈ చివర్నించి ఆ చివరికి తోయడం, వెనక్కి లాగడం, చొక్కా తిప్పడం, మళ్ళీ తోయడం. కుడిచేతికి కట్టుకున్న కొత్త వాచీ ఈ తోపుడూ లాగుడూ ఓ గంటసేపు శ్రద్ధగా గమనించి, తనకొచ్చిన విద్యలన్నీ ఓసారి నెమరేసుకుని, ఇది ఈతే అని తీర్మానించి, ఆ శుభవార్తని కొండనడక సంఘం సభ్యులందరి ఫోన్లకీ పంపించింది. ముప్ఫై ఒక్కమంది చప్పట్లు కొట్టే చేతుల బొమ్మలు పెట్టారు. సంఘం కార్యదర్శి అయిన పళ్ళ డాక్టరు, ఎవరిదో తెరిచిన నోరు తెరిచినట్టే వదిలేసి, ఫోన్ చేశాడు.

"అక్కా, ఈత ఎప్పుడు నేర్చుకున్నావు? చెప్పనేలేదు!"

"నేనా? బకెట్లో నీళ్ళు నిండుగా ఉంటేనే నాకు కళ్ళు తిరుగుతాయి."

"మరి ఆరువందల యాభై..."

"ఇరవై ఆరే డాక్టరుబాబూ. చొక్కాలు."

ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేసే వాళ్ళాయనకి కూడా ఎవరో చెప్పినట్టున్నారు. మధ్యాహ్నం భోజనానికి వచ్చి, ఒక్క ముక్క అడక్కుండా, వెనకనించి వెళ్ళి ఆవిడ జడ తడిగా ఉందేమో పట్టి చూశాడు.

ఆవిడకి నలభై తొమ్మిదేళ్ళు. తాళాలు బాగుచేసే కొట్టుకీ, మేడ మెట్లకీ మధ్య ఇరుక్కున్న గది ఆవిడ షాపు. ఒక మిషను, ఒక నిలువుటద్దం, చీటీలు గుచ్చిన ప్యాంట్లు వేలాడే తీగ. కొత్త బట్టలు కుట్టదు. ఉన్నవాటిని సరిచేస్తుంది. లావైనవాళ్ళకి వదులు చేస్తుంది, సన్నబడ్డవాళ్ళకి బిగిస్తుంది, సన్నబడతామని కొనుక్కుని బడనివాళ్ళకి ఏమీ అనకుండా కుట్లు విప్పిపెడుతుంది. ఆ ఏమీ అనకపోవడం వల్లే గిరాకీ.

ఐదేళ్ళ కిందట ఓ రోజు మిషను ముందునించి లేవబోతే నడుము లేవనంది. నడవమన్నాడు డాక్టరు. నడుద్దామని సంఘంలో చేరింది. చేరిన రోజునించి ఇవాళ్టిదాకా ప్రతి నడకలోనూ ఆఖరున వచ్చింది. మొదట్లో అందరూ ఆగి, ఎదురుచూసి, టీ తాగి, మళ్ళీ ఎదురుచూసేవాళ్ళు. చివరికి విసుగుపుట్టి ఆవిడకి పదవి ఇచ్చేశారు. కొండమీద పోటీ పెట్టినప్పుడు అందరికంటే వెనక ఒక మనిషి నడవాలి. ఎవరూ దారిలో చిక్కుబడిపోకుండా చూసుకోవాలి. దారి గుర్తుకోసం పొదలకి కట్టిన ఎర్ర రిబ్బన్లని తీసేసుకుంటూ రావాలి. కిందికి వచ్చాక, "నా వెనక ఎవరూ లేరు" అని చెప్పాలి. ఆ మాట చెప్పాకే అందరూ ఇళ్ళకి వెళతారు. సంఘంలో ఆవిడ పేరు తోకక్క. ఆవిడకది బిరుదులాగే ఉండేది.

పోయిన ఏడాది ఆ మాట తప్పయింది.

ఆవిడ దిగింది, చెప్పింది, జనం వెళ్ళిపోయారు. గంటా ఇరవై నిమిషాల తర్వాత బీమా ఏజెంటు ఒకడు ఒక కాలికే బూటుతో కొండదిగి వచ్చాడు. ఆవిడ దాటిపోయిన సమయంలో అతను ఏ పొద వెనక, ఏ పనిమీద ఉన్నాడో అడగాల్సిన అవసరం ఎవరికీ కలగలేదు. ఎవరూ ఆవిణ్ణి తిట్టలేదు. తిట్టినా బావుండేది. ఆ తర్వాత నెల్లాళ్ళు ఆవిడ షాపు మూసేటప్పుడు లోపలెవరైనా ఉన్నారేమోనని మిషను కింద కూడా చూసింది.

ఈ ఏడాది సంఘం వాళ్ళు తీర్మానం చేశారు. వెనక నడిచే మనిషికి దారి చూపించే వాచీ ఉండాలి. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలతో మాట్లాడి, మనం ఎక్కడున్నామో, ఎలా వచ్చామో గీత గీసి చూపించే వాచీ. "మంచిదే కదక్కా," అన్నాడు పళ్ళ డాక్టరు. తర్వాత పన్ను పీకేముందు వాడే మెత్తటి గొంతుతో, "ఈసారి కూడా ఎవరైనా వెనక ఉండిపోతే మాత్రం నేనేం చెయ్యలేను. మనిషెందుకు, వచ్చే ఏడాదినించి అందరి చేతులకీ యంత్రాలే కడదామంటున్నారు," అన్నాడు.

అలా ఇద్దరూ ఆటసామాన్ల షాపుకి వెళ్ళారు. షాపావిడ తనే పరుగెత్తే మనిషి. మోకాళ్ళు చూస్తేనే తెలుస్తుంది.

"మీరు కిలోమీటరు ఎన్ని నిమిషాల్లో చేస్తారండీ?"

"నా ముందున్నవాళ్ళు ఎన్ని నిమిషాల్లో చేస్తే అన్ని," అంది తోకక్క.

షాపావిడ ఒక వాచీ తీసింది. గాజు పలక నిండా నెమలిపింఛంలా రంగులు. వేలితో రాస్తే బొమ్మలు మారతాయి. గుండె ఎలా కొట్టుకుంటోందో చెబుతుంది, ఎంత నిద్రపోయారో చెబుతుంది, పాటలు పాడుతుంది.

"ఏదీ, మీరొకసారి రాయండి."

తోకక్క రాసింది. వాచీ పట్టించుకోలేదు. మళ్ళీ రాసింది. షాపావిడ గాజు తుడిచింది. తోకక్క వేలు కూడా తుడిచింది. ముప్ఫై ఏళ్ళు సూది పొడిచీ పొడిచీ ఆ వేలి కొస అట్టలా తయారైంది. వాచీ లెక్క ప్రకారం అక్కడ మనిషే లేదు. ఉంగరం వేలితో రాస్తే మాత్రం, దయతలచినట్టు కదిలింది.

"ఇంకోటుందండీ, కాస్త ముసలిది." బూడిదరంగులో, సబ్బుముక్కలా ఉంది. అంచుల్లో నాలుగు బొత్తాలు. రంగుల్లేవు, పాటల్లేవు. తోకక్క ఒక బొత్తాం నొక్కింది. టిక్కుమంది. బొత్తాలతో ఆవిడకి ఎప్పుడూ పేచీ లేదు.

"ఇవి ఎంతసేపు బతుకుతాయండీ?"

"ఛార్జింగా? మూడు నాలుగు గంటల్లో పోటీ పూర్తిచేసేవాళ్ళకి ఏదైనా ఒకటే."

"ఏడు గంటలు తిరిగేవాళ్ళకి?"

షాపావిడ రెండు పెట్టెల మీదా రాసింది తిరగేసి చూసింది. ఇలాంటి వాచీలు పరీక్షించేవాళ్ళందరూ ముందొచ్చేవాళ్ళే. వెనకొచ్చేవాళ్ళ చేతుల్లో అవి ఎలా ఉంటాయో అడిగినవాళ్ళు అప్పటిదాకా లేరు. చివరికి బేరం కుదిరింది. రెండూ తీసుకెళ్ళి ఆదివారం పోటీలో కట్టుకోవచ్చు. సోమవారం ఒకటి ఉంచుకుని ఒకటి తిరిగివ్వాలి. "పరుగెత్తేవాళ్ళకి పెట్టే సెట్టింగులన్నీ రెండింట్లోనూ పెట్టేశానండీ. మీరేం ముట్టుకోనక్కర్లేదు," అంది షాపావిడ. అది నిజంగా మంచి మనసుతో చేసిన పని. రంగులది కుడిచేతికీ, బూడిదది ఎడమచేతికీ కట్టుకుని ఆవిడ షాపుకి తిరిగొచ్చింది. చొక్కాల సంగతి ఆ మర్నాటిదే.

ఆదివారం తొమ్మిదికి కొండ కిందనించి పోటీ మొదలైంది. అరగంటలో అందరూ కనుమరుగయ్యారు. మిగిలింది ఒక్క మనిషి. అరవై ఆరేళ్ళు, మోకాలికి పట్టీ, చేతిలో కర్ర, నెత్తిన గుడ్డ టోపీ. ఆయన్ని చూడగానే తోకక్క గుర్తుపట్టింది. లెక్కల మాస్టారు. ముప్ఫైమూడేళ్ళ కిందట తొమ్మిదో తరగతిలో ఆవిడకి ముప్ఫైనాలుగు మార్కులు వేసినాయన. పాసు ముప్ఫైఐదు. ఆవిడ చదువు అక్కడే తెగి, కుట్టుమిషను దగ్గర అతుక్కుంది.

ఆయన గుర్తుపట్టలేదు. "నువ్వు నా వెనక ఎందుకమ్మాయీ, దాటిపో," అన్నారు.

"నేను మీ వెనకే రావాలి మాస్టారూ. అదే నా పని."

"ఇదేం పని!"

మాస్టారు నడిచే పద్ధతి ఒకటుంది. పది అడుగులు వేస్తారు, ఆగుతారు, ఎంత దూరం వచ్చామో ఎంత మిగిలిందో భాగహారం చేసి చెబుతారు, మళ్ళీ పది అడుగులు. మొదటి మూడు గంటలు అలాగే గడిచాయి. తర్వాత దారి ఒక లోతైన లోయ అంచు చుట్టూ గుర్రపునాడాలా వంపు తిరుగుతుంది. అంతా వదులు రాళ్ళు. అక్కడ మాస్టారి మోకాలు పూర్తిగా మొండికేసింది. కర్ర పెట్టి, కాలు పెట్టి, రెండో కాలు లాగి, ఊపిరి తీసుకుని. చీమలు దాటిపోయాయి. తోకక్క వెనకే నిలబడి ఒక్కో పొదకున్న రిబ్బను తీసి సంచిలో వేసుకుంటోంది. నిజానికి ముడి విప్పి తియ్యాలి. ముడివేసింది తనే కాబట్టి అది విడదని ఆవిడకి తెలుసు. జేబులో చిన్న కత్తెర ఉంది. ఎవరూ చూడనప్పుడు టక్కున కత్తిరించేది. ముడి పొదకే ఉండిపోయేది. ఆ పదవిలో ఆవిడ చేసే దొంగపని ఇదొక్కటే.

ఎడమచేతి బూడిద వాచీ మధ్యమధ్య కుయ్‌మనేది. మాస్టారు ఆగినప్పుడల్లా. వంపులో మాత్రం ఒకసారి కుయ్‌మని ఊరుకుంది. శభాష్ అంటోంది కాబోలనుకుంది. అంత నెమ్మదిగా నడిచినా మెచ్చుకునేదొకటి దొరికిందని లోలోపల కాస్త మురిసిపోయింది కూడా.

రెండూ యాభైకి, వంపు దాటి ఇంకా పైకొచ్చాక, ఫోన్ మోగింది. పళ్ళ డాక్టరు. గాలిలో మాటలు ముక్కలు ముక్కలుగా వస్తున్నాయి.

"అక్కా, మిగతా అందరూ అవతలివైపు దిగిపోయారు. పైన మంచు కమ్మేసింది. పైకి రాకండి. మాస్టారి మోకాలితో ఆ బండలు ఎక్కలేరు. వచ్చిన దారినే వెనక్కి దిగండి. నేను కింద ఉంటా. రిబ్బన్లు చూసుకుంటూ..."

లైను పోయింది. సిగ్నలు ఒక్క గీత కూడా లేదు.

తోకక్క తల తిప్పి వెనక్కి చూసింది. పొగలాంటిది కొండమీదనించి జారి, ఓ చెట్టు తర్వాత ఓ చెట్టుని మింగుతూ వస్తోంది. నాలుగు నిమిషాల్లో మాస్టారి టోపీ తప్ప ఏమీ కనపడటం లేదు.

"దిగుదాం పద," అన్నారు మాస్టారు. "ఏవీ, రిబ్బన్లు?"

"నా సంచిలో ఉన్నాయి మాస్టారూ."

"అన్నీనా?"

"నూట పద్నాలుగు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, ఇప్పుడు వీళ్ళకి నుయ్యెటో గొయ్యెటో కూడా తెలియదు. మూడున్నర గంటలు పోతే చీకటి. చలి అప్పుడే చెవుల్లో దూరుతోంది. తనకి చలి లేదని మాస్టారు అడక్కుండానే చెప్పారు.

పోయినేడాది ఒక మనిషి తన వెనక ఉండిపోయాడు. ఈసారి మనిషి తన పక్కనే ఉన్నాడు, తనూ ఆయనతోపాటు ఉండిపోయేలా ఉంది. తోకక్క కుడిచెయ్యి పైకెత్తింది.

రంగుల వాచీ మీద నీటిబొట్లు. ఉంగరం వేలితో రాసింది. కదల్లేదు. తుడిచి రాసింది. వేళ్ళు మొద్దుబారిపోయాయి. చివరికి, చుట్టూ చూసి, ముక్కుతో రాసింది. వాచీ కదిలింది. నీలం తామరపువ్వు ఒకటి విచ్చుకుంది. "దీర్ఘంగా శ్వాస తీసుకోండి," అని రాసింది వాచీ. "వదలండి. మళ్ళీ తీసుకోండి."

"ఏమంటోంది?" అన్నారు మాస్టారు.

"ఊపిరి పీల్చమంటోంది."

"అది మనం చేస్తూనే ఉన్నాంగా!"

రెండోసారి ఊపిరి వదలమని చెబుతూ, మిగిలిన ఆ కాస్త ఛార్జింగూ అయిపోయి, వాచీయే ఊపిరి వదిలేసింది.

ఎడమచెయ్యి. బూడిదది. షాపావిడ చెప్పినట్టు కింది బొత్తాం, గట్టిగా, ఐదు లెక్కపెట్టేదాకా. టిక్. తెరమీద ఓ నల్లగీత, చివర ఓ బాణం. వచ్చిన దారి అది. బాణం ఎటు చూపిస్తే అటు నడవడమే.

నడిచారు. ఆవిడ ముందు, మాస్టారు వెనక. పోటీల్లో మొదటిసారి ఆవిడ ఒకరికంటే ముందుంది. అది ఆవిడకి అస్సలు నచ్చలేదు. రెండడుగులకోసారి తిరిగి చూసేది. "ఉన్నాను, ఉన్నాను," అనేవారు మాస్టారు. కాళ్ళకింద దారి తెలుస్తోంది. గీత వంకర తిరిగితే దారీ వంకర తిరుగుతోంది. అరగంట అలా గడిచింది. గుండెల మీద రాయి సగం దిగింది.

అప్పుడు బాణం కుడివైపుకి తిరిగింది. తెరమీద గీత, అప్పటిదాకా పాములా మెలికలు తిరిగినది, ఒక్కసారిగా స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా వెళుతోంది. దాని చివర మళ్ళీ మెలికలు.

తోకక్క ఆగిపోయింది.

"ఏమైంది?"

"గీత తిన్నగా ఉంది మాస్టారూ."

"మంచిదేగా! ఎంత దూరం?"

"రెండువందల మీటర్లంటోంది."

"ఇంకేం, పద. రెండు బిందువుల మధ్య అతి తక్కువ దూరం సరళరేఖ. నా మోకాలు కూడా అదే కోరుకుంటోంది."

ఆవిడ కదల్లేదు. ముప్ఫై ఏళ్ళుగా ఆవిడ గీతలే చూస్తోంది. చంక దగ్గర గీత వంగాలి, మెడ దగ్గర వంగాలి. మనిషి ఒంటిమీద ఎక్కడా తిన్నటి గీత లేదు. తిన్నటి గీత ఉందంటే అది ఒంటికొలత కాదు, ఎవరో అంచనాగా గీసింది. కొండకూడా అంతే. పొద్దున వచ్చేటప్పుడు రెండువందల మీటర్లు తిన్నగా నడిచినట్టు ఆవిడ కాళ్ళకి గుర్తులేదు.

తెరమీద ఒక మూల అంకె చూసింది. నడిచిన సమయం: ఐదున్నర గంటలు. మాస్టారి చేతిగడియారం అడిగింది. మూడూ ఇరవై ఐదు. తొమ్మిదికి బయల్దేరారు.

"దాదాపు గంట పోయింది మాస్టారూ. ఇందులో గంట లేదు."

"గంట ఎక్కడికి పోతుంది?"

ఎక్కడికి పోయిందో ఆవిడకి అప్పుడు అర్థమైంది. కుయ్‌మన్నదల్లా శభాష్ కాదు. పరుగెత్తేవాళ్ళు రోడ్డు దాటడానికి ఆగితే, వాళ్ళు ఆగిపోయారనుకుని గీత గీయడం ఆపేసే ఏర్పాటు అది, షాపావిడ పరుగెత్తేవాళ్ళకని పెట్టిన సెట్టింగుల్లో ఒకటి. మళ్ళీ కదిలితే మళ్ళీ మొదలెడుతుంది. వదులురాళ్ళ వంపులో వీళ్ళిద్దరూ ఎంత నెమ్మదిగా నడిచారంటే, వాచీ వీళ్ళు నడుస్తున్నారని నమ్మలేదు. వంపు మొదట్లో ఒక చుక్క, వంపు చివర ఒక చుక్క పెట్టి, రెంటినీ కలిపేసింది. మధ్యలో ఉన్నది లోయ.

"అటు వెళ్ళకూడదు మాస్టారూ. లోయ ఉంది."

"కనపడుతోందా?"

"లేదు."

"వాచీలో ఉందా?"

"లేదు."

"కనపడనిదీ, యంత్రం చెప్పనిదీ నీకెలా తెలిసింది?" మాస్టారి గొంతులో పాత తరగతిగది వచ్చేసింది. "ఉపగ్రహం అబద్ధం చెబుతుందా? చీకటి పడుతోంది, నేను ఇంకో గంట నిలబడలేను. అసలు నీకు లెక్కల్లో ఎన్ని మార్కులు వచ్చాయి?"

"ముప్ఫైనాలుగు," అంది తోకక్క. "మీరే వేశారు."

మాస్టారు టోపీ సర్దుకున్నారు. "ఒక్క మార్కు..." అన్నారు.

తోకక్క కింద కూర్చుని సంచి బోర్లించింది. రిబ్బను కొసకి రిబ్బను కొస. మొద్దుబారిన వేళ్ళకి గాజు పలక తెలియదు కానీ ముడి తెలుసు. ఒక్కో రిబ్బను మూరెడు. నలభై ముడులు వేసేసరికి పద్దెనిమిది మీటర్లు. ఒక కొస మాస్టారి చేతికి చుట్టింది. "మీరిక్కడే కూర్చోండి. నేను రెండుసార్లు లాగితే రండి. మూడుసార్లు లాగితే మీరు నన్ను లాగండి."

"లాగితే తెగదు కదా?"

"నేను కుట్టిన అంచు మాస్టారూ."

బాణం చూపిస్తున్న వైపు ఆవిడ చేతులూ మోకాళ్ళమీద పాకింది. ఒక జానెడు, చెయ్యి చాపి తడమడం, ఇంకో జానెడు. తడిగడ్డి. రాయి. గడ్డి. తర్వాత చెయ్యి కింద ఏమీ లేదు. చెయ్యి భుజందాకా కిందికి దిగింది. ఏమీ తగల్లేదు. పక్కనున్న రాయి ఒకటి తోసింది. అది పడ్డ చప్పుడు కోసం ఎదురుచూసింది. చాలాసేపు ఎదురుచూసింది. మణికట్టు మీద బాణం మాత్రం ముందుకే, ముందుకే అంటూ మెరుస్తోంది.

వెనక్కి వెనక్కి పాకి వచ్చింది. "ఎడమవైపు వెళదాం," అంది అంతే. ఆయన రిబ్బను చేతికి ఇంకో చుట్టు చుట్టుకున్నారు.

ఎడమవైపు. వంపు ఎడమవైపు చుట్టూ తిరుగుతుందని తెలుసు. కానీ ఎంత ఎడమ? దారి జానాబెత్తెడు వెడల్పు. ఒక అడుగు తప్పితే ఇందాకటి ఖాళీయే.

అప్పుడు గుర్తొచ్చింది దొంగపని.

భుజం ఎత్తులో పొదలు తడమడం మొదలెట్టింది. ముల్లు. ఆకు. ముల్లు. నాలుగో పొదలో, కొమ్మకి బిగుసుకుని, కందిగింజంత గట్టి ముడి. కళ్ళదాకా తెచ్చి చూసింది. ఎరుపు. నియమం ప్రకారం అది అక్కడ ఉండకూడదు.

రెండుసార్లు లాగింది. మాస్టారు రిబ్బనుని ఉండచుట్టుకుంటూ, కర్ర తాటించుకుంటూ వచ్చారు. ఆవిడ మళ్ళీ పద్దెనిమిది మీటర్లు ముందుకెళ్ళింది. తడమడం, ముల్లు, ఆకు, ముడి. రెండు లాగుళ్ళు. ఇటు అడుగువేసిన దగ్గర్నించీ వాచీ గగ్గోలు పెడుతోంది. దారి తప్పారు. కుయ్. దారి తప్పారు. కుయ్. నిమిషానికోసారి.

"అది వద్దంటోంది అమ్మాయీ!"

"అననివ్వండి మాస్టారూ."

ఒకచోట ముడి దొరకలేదు. పొద ఒకటి, రెండు, ఐదు. వేళ్ళకి నెత్తురొచ్చింది. వెనకనించి దగ్గు వినపడింది, తర్వాత అదీ వినపడలేదు. "మాస్టారూ!" జవాబు లేదు. "మాస్టారూ!" రిబ్బను లాగింది. వదులుగా వచ్చేసింది. రెండు బారలు, మూడు బారలు. పోయినేడాది మళ్ళీ మొత్తం కళ్ళముందుకొచ్చింది. ముడిసంగతి వదిలేసి రిబ్బను పట్టుకుని వెనక్కి పరుగులాంటిది తీసింది.

మాస్టారు దారిపక్కన రాతిమీద కూర్చుని ఉన్నారు, రిబ్బను ఒళ్ళో పెట్టుకుని. కళ్ళు మూసుకున్నారు.

"మాస్టారూ!"

"ఉన్నానమ్మా. లెక్క చూస్తున్నా. ముడికీ ముడికీ మధ్య నలభై అడుగులు ఉంటోంది. నువ్వు యాభై దాటి వెతుకుతున్నావు. తర్వాతి ముడి నువ్వు దాటేసి ఉంటావు."

ఉంది. నలభై అడుగులు లెక్కపెట్టుకుని వెళితే, ఆవిడ భుజానికి ఆనుకునే ఉంది.

ఆ తర్వాత ఆయన అడుగులు లెక్కపెట్టి "ఆగు" అనడం, ఆవిడ తడమడం. ఇరవై ఒకటో ముడి దగ్గర వాచీ గగ్గోలు ఆపి, వేరే రకంగా, చిన్నగా, కుయ్‌మంది. దారిలోకి వచ్చారు, అని రాసింది. గీత మళ్ళీ మెలికలు తిరుగుతోంది. అంత అందమైన మెలికలు ఆవిడ ఎప్పుడూ చూడలేదు.

ఆరు కావస్తుండగా మంచు పలచబడి, కింద టార్చి వెలుగు కనపడింది. తోకక్క పక్కకి జరిగి మాస్టారిని ముందు నడవనిచ్చింది. ఆయన దిగారు. తర్వాత ఆవిడ దిగింది.

పళ్ళ డాక్టరు మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఆవిడ రెండు చేతులూ పట్టుకుని, రెండు వాచీలు చూసి, అడగాల్సినవన్నీ వదిలేసి, "ఏది ఉంచుకుంటావక్కా?" అన్నాడు.

ఆవిడ కుడిచేతినించి రంగులది విప్పి అతని చేతిలో పెట్టింది. "ఇది ఇంట్లో ఉండేవాళ్ళకి బావుంటుంది. మనం కంగారుపడితే ఊపిరి తియ్యమంటుంది." ఎడమచేతిది విప్పలేదు. "దీనికి ఒక తెలివి ఎక్కువైంది. నెమ్మదిగా నడిస్తే నడక కాదనుకుంటోంది. ఆ బొత్తాం ఎక్కడుందో చెప్పు, ముందు అది ఆపేద్దాం."

నిలబడే ఆపేశారు. డాక్టరు చూపించాడు, నొక్కింది ఆవిడే.

మాస్టారు బల్లమీద కూర్చుని, మోకాలికి వేడినీళ్ళ సంచి పెట్టుకుని, రెండో గ్లాసు టీలో ఉన్నారు. మొహానికి రంగు తిరిగొచ్చింది. దాంతోపాటు లెక్కలూ తిరిగొచ్చాయి. పక్కనున్నవాళ్ళకి వేలితో బల్లమీద గీసి చూపిస్తున్నారు: ఇది ఒక బిందువు, ఇది ఇంకో బిందువు, మధ్య రెండువందలు. తోకక్క దగ్గరికి రాగానే తలెత్తారు.

"అంతా బానే ఉంది కానీ అమ్మాయీ, రెండువందల మీటర్ల దానికి నన్ను ఇంచుమించు అరకిలోమీటరు తిప్పావు. దగ్గరి దారి ఎదురుగా పెట్టుకుని!"

"లోయలోకైతే అదే దగ్గర మాస్టారూ, ఇంటికే కాస్త చుట్టు."